అర అంగుళం లోతు

1671 జనవరి 18న లండన్ పక్కనున్న డెప్ట్‌ఫర్డ్‌లో జాన్ ఎవలిన్ అనే పెద్దమనిషి పొలాల వెంట నడుస్తూ ఒక పూరింటి కిటికీలోంచి లోపలికి తొంగి చూశాడు. లోపల ఒక యువకుడు ఒంటరిగా కూర్చుని చెక్కడం పనిలో మునిగి ఉన్నాడు. వెనిస్ చిత్రకారుడు టింటొరెట్టో వేసిన క్రీస్తు శిలువ దృశ్యాన్ని చెక్క పలక మీదికి దింపుతున్నాడతను. అందులో వందకు పైగా బొమ్మలున్నాయని ఎవలిన్ తన డైరీలో రాసుకున్నాడు. అమ్ముతావా అని అడిగితే ఆ యువకుడు వంద పౌండ్లు చెప్పాడు. ఎవలిన్ అతన్ని రెండో చార్లెస్ రాజు దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ బేరం కుదరలేదు గానీ యువకుడి పేరు మాత్రం పైకి వచ్చింది. అతను గ్రిన్లింగ్ గిబ్బన్స్. 1648లో రోటర్‌డామ్‌లో పుట్టాడు. తర్వాతి రోజుల్లో సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో గాయకులు కూర్చునే బల్లలకు, హాంప్టన్ కోర్ట్ రాజభవనానికి, పెట్‌వర్త్ బంగళాకు చెక్కపని చేసింది అతనే. కిటికీలోంచి ఎవలిన్ చూసిన పలక ఇప్పుడు ఇంగ్లండ్‌లోని డనమ్ మాసీ బంగళాలో ఉంది.

మూడున్నర శతాబ్దాలు గడిచాయి. ఈ పని నేర్చుకోవాలని ఇప్పటికీ ఏటా వేసవిలో టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు, రిటైరైన బ్యాంకు ఉద్యోగులు వారం రోజులు సెలవు పెట్టి పెట్టె సర్దుకుని బయల్దేరుతున్నారు. ఇంగ్లండ్‌లో, ఆస్ట్రియా కొండల్లో, అమెరికాలోని నార్త్ కరోలినాలో ఇలాంటి శిక్షణ వారాలు నడుస్తున్నాయి. అక్కడే బస, అక్కడే భోజనం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేతిలో ఉలి.

వాళ్లు నేర్చుకునేది రిలీఫ్ చెక్కడం, అంటే ఉబ్బెత్తు పని. నాలుగు వైపులా తిరిగి చూడగలిగే విగ్రహం వేరు. ఉబ్బెత్తు పనిలో బొమ్మ పలకను వదిలి రాదు. చుట్టూ ఉన్న చెక్కను తీసేస్తే బొమ్మ పైకి లేచినట్టు కనిపిస్తుంది. రూపాయి నాణెం మీది సింహాలు ఈ పద్ధతిలోవే. గుడి తలుపుల మీది లతలు, రథాల చుట్టూ ఉండే కొయ్య పలకలు కూడా అంతే.

తెలుగువాళ్లకు ఈ కళ కొత్త కాదు. అమరావతి స్తూపం పలకలు ఉబ్బెత్తు శిల్పానికి ప్రపంచం మెచ్చిన ఉదాహరణలు. రాయి పలనాటి సున్నపురాయి కావచ్చు, చిక్కు మాత్రం చెక్కలో ఎదురయ్యేదే. చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలో నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి పలక ఉంది. ఒక పక్క మదమెక్కిన ఏనుగు వీధిలో జనాన్ని చెదరగొడుతుంటుంది. ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. మేడల కిటికీల్లోంచి మనుషులు తొంగి చూస్తుంటారు. వీధి, మేడలు, గుంపు, రెండు వేర్వేరు క్షణాలు, అన్నీ కొద్దిపాటి లోతున్న ఒక్క రాతిలో ఇమిడాయి. ఎవరి వెనక ఎవరున్నారో చూసేవాడికి ఇట్టే తెలిసిపోతుంది. ఉన్న లోతు తక్కువ, కనిపించే లోతు ఎక్కువ. ఈ పనిలో నేర్చుకోవాల్సిందంతా ఈ తేడాలోనే ఉంది. ఫ్లోరెన్స్‌లో డోనటెల్లో సుమారు 1417లో సెయింట్ జార్జ్ కథను పాలరాతిలో చెక్కినప్పుడు దూరపు కొండలకూ చెట్లకూ కొన్ని మిల్లీమీటర్ల లోతు మించి వాడలేదు. అయినా కంటికి అవి మైళ్ల అవతల ఉన్నట్టే అనిపిస్తాయి.

వృత్తిగా చేసేవాళ్లకు తప్ప బయటివాళ్లకు ఈ విద్య అందే దారి చాలాకాలం లేదు. గురువు దగ్గర ఏళ్ల తరబడి పనిచేయాలి, లేదా ఆ ఇంట్లో పుట్టాలి. 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లో ఈ తలుపు కాస్త తెరుచుకుంది. 1879లో లండన్‌లో కొయ్య చెక్కడానికే ఒక బడి మొదలై ఆడవాళ్లను కూడా చేర్చుకుంది. 1884లో ఏర్పడిన హోమ్ ఆర్ట్స్ సంఘం ఊళ్లలోని కూలీలకు సాయంత్రం పూట చెక్కపని, లోహపు పని నేర్పింది. విలియం మోరిస్ కంపెనీలో ఫర్నిచర్ డిజైన్లు గీసిన జార్జ్ జాక్ 1903లో చెక్కడం మీద రాసిన పుస్తకాన్ని నేర్చుకునేవాళ్లు నేటికీ తిరగేస్తుంటారు.

అక్కడే ఉండి నేర్చుకునే పద్ధతి వెనక డెన్మార్క్ ఉంది. గ్రుంట్‌విగ్ అనే మతాచార్యుడి ఆలోచనతో 1844లో రోడింగ్ అనే ఊళ్లో మొదటి జానపద ఉన్నత పాఠశాల పెట్టారు. అక్కడ రైతుల పిల్లలు పెద్దవాళ్లయ్యాక వచ్చి, కలిసి ఉంటూ, కలిసి తింటూ, పరీక్షల భయం లేకుండా చదువుకున్నారు. ఆ బడులను చూసి వచ్చిన ఆలివ్ డేమ్ కాంప్‌బెల్, మార్గరీట్ బట్లర్ 1925లో నార్త్ కరోలినా కొండల్లోని బ్రాస్‌టౌన్‌లో జాన్ సి. కాంప్‌బెల్ ఫోక్ స్కూల్ స్థాపించారు. ఊరి దుకాణం ముందు కూర్చుని చాకుతో బల్లను గీస్తూ పొద్దుపుచ్చే మగవాళ్లను చూసి, ఆ చాకులనే జంతువుల బొమ్మలు చెక్కడానికి తిప్పారని అక్కడ చెప్పుకుంటారు. బ్రాస్‌టౌన్ కార్వర్స్ పేరుతో వాళ్ల బొమ్మలు అమ్ముడై ఎన్నో కుటుంబాలకు నాలుగు డబ్బులు తెచ్చాయి. ఆ బడిలో నేటికీ మార్కులు లేవు, పోటీలు లేవు. వారం రోజుల కోర్సుల్లో కొయ్య చెక్కడం ఇప్పటికీ ఒకటి.

ఇంగ్లండ్ దక్షిణాన వెస్ట్ సస్సెక్స్‌లో చిచెస్టర్ దగ్గరున్న వెస్ట్ డీన్ కాలేజీది ఇంకో రకం కథ. లండన్ నుంచి రైల్లో గంటన్నర ప్రయాణం, ఆ తర్వాత కొండల మధ్య చిన్న దారి. చెకుముకి రాళ్లతో కట్టిన పెద్ద బంగళా అది. దాని యజమాని ఎడ్వర్డ్ జేమ్స్ సర్రియలిస్టు చిత్రకారులకు డబ్బిచ్చి అండగా నిలిచినవాడు. సాల్వడార్ డాలీ చేసిన లాబ్‌స్టర్ టెలిఫోను, పెదవుల ఆకారపు సోఫా ఇతని కోసం పుట్టినవే. చేతిపనులు కనుమరుగైపోతాయన్న బెంగ జేమ్స్‌ను వదల్లేదు. 1964లో తన ఆస్తిని ఒక ఫౌండేషన్‌కు రాసిచ్చాడు. 1971లో అక్కడ కాలేజీ తెరుచుకుంది. పాత పుస్తకాలు, గడియారాలు, ఫర్నిచర్ బాగుచేసే వృత్తి చదువులతో పాటు, సామాన్యుల కోసం కొద్దిరోజుల కోర్సులూ వేసవి శిక్షణా నడిపింది. చెక్కపని, కొయ్య చెక్కడం వాటిలో ఉన్నాయి. మధ్యాహ్నం పని ఆపి బయటికొస్తే హెరాల్డ్ పీటో డిజైన్ చేసిన 300 అడుగుల పందిరి, విక్టోరియా కాలంనాటి గాజుగృహాలు, కూరగాయల మళ్లు. ఆకులు చెక్కేవాళ్లకు అసలు ఆకులు నాలుగడుగుల దూరంలో దొరకడం చిన్న విషయం కాదు.

ఇలాంటి కోర్సు ఏ దేశంలో జరిగినా మొదటి రోజు దాదాపు ఒకేలా ఉంటుంది. పనిబల్ల మోచేతి ఎత్తులో ఉంటుంది. మామూలు వడ్రంగి బల్ల కన్నా ఎత్తు, ఎందుకంటే నడుం వంచకుండా నిలబడి పనిచేయాలి. పలకను క్లాంపులతో బిగిస్తారు. ఒక చేత్తో పలక పట్టుకుని రెండో చేత్తో ఉలి నడపడం మొదటి నిషేధం. రెండు చేతులూ ఎప్పుడూ ఉలి పదునుకు వెనకే ఉండాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే చాలా గాయాలు తప్పుతాయి.

పలక సాధారణంగా లిండెన్ కలప. మెత్తగా, పోగు సన్నగా, అన్ని వైపులా ఒకేలా ఉంటుంది, ఉలికి అడ్డం తిరగదు. గిబ్బన్స్ వాడింది ఇదే. జర్మనీ శిల్పి టిల్మన్ రీమెన్‌ష్నైడర్ వాడిందీ ఇదే.

ఉలుల బల్ల దగ్గర కొత్తవాళ్లు నీరుగారిపోతారు. చెక్కేవాళ్ల ఉలుల్లో ఎక్కువ భాగం అంచు వంపు తిరిగినవే. షెఫీల్డ్ పట్టణపు తయారీదారులు స్థిరపరచిన అంకెల పద్ధతిలో నంబర్ 1 అంటే తిన్నని అంచు. నంబర్ 3కు వంపు కనీకనపడనంత. అంకె పెరిగే కొద్దీ వంపు పెరిగి నంబర్ 9 దాదాపు అర్ధవృత్తం అవుతుంది. 10, 11 ఇంకా లోతు. నంబర్ 39 అంటే రెండు అంచులు కోణంగా కలిసే ‘వి’ ఉలి. ప్రతి అంకెలో మళ్లీ రకరకాల వెడల్పులు. ఇన్నెందుకు అన్న అనుమానం రెండో రోజుకు తీరిపోతుంది. గీసిన ఆకు అంచు ఎంత వంపు తిరిగిందో సరిగ్గా అంతే వంపున్న ఉలిని నిలబెట్టి ఒక్క దెబ్బ కొడితే అంచు శుభ్రంగా వస్తుంది. వంపు కలవని ఉలితో అదే అంచు తీయాలంటే ఐదారు దెబ్బలు పడతాయి, గీత గతుకులు పడుతుంది.

ఉలి పట్టగానే చెక్కుతామనుకుని వచ్చినవాళ్లకు మొదటి పూట సానరాయి చేతికిస్తారు. తిన్నని ఉలికి పదును పెట్టడం తెలిసినవాళ్లు కూడా వంపు ఉలి దగ్గర తడబడతారు. వాలును రాయికి ఆనించి, మణికట్టును మెల్లగా తిప్పుతూ, అంచు ఒక కొస నుంచి రెండో కొస దాకా సమానంగా అరిగేలా నడపాలి. ఎక్కువ తిప్పితే కొసలు గుండ్రమైపోతాయి. తక్కువ తిప్పితే మధ్యలో గుంట పడుతుంది. తర్వాత పాలిష్ ముద్ద పూసిన తోలుపట్టీ మీద వెనక్కి లాగాలి. పదును వచ్చిందా లేదా అన్నది వేలితో చూడరు. పైన్ చెక్క ముక్కను పోగుకు అడ్డంగా కోసి చూస్తారు. కోసిన గాడి అద్దంలా నిగనిగలాడితే సరే. గాడిలో సన్నని తెల్లగీత కనిపిస్తే అంచులో ఎక్కడో కంటికి కనపడని పెచ్చు లేచిందన్న మాట, మళ్లీ రాయి దగ్గరికి పోవాల్సిందే. పదును పోయిన ఉలే ప్రమాదం. దాన్ని బలంగా నెట్టాలి, బలంగా నెట్టింది జారుతుంది. ఈ విద్య అబ్బకుండా పలక మీదికి వెళ్లినవాళ్ల వారమంతా చెక్కతో పోట్లాటే అవుతుంది.

ఆ తర్వాత బొమ్మను కార్బన్ కాగితంతో పలక మీద దించుతారు. మొదటి పలకకు ఓక్ ఆకు, ద్రాక్ష గుత్తి, గులాబీ లాంటివి ఇస్తారు. ఐరోపా చెక్కడాల్లో ప్రతిచోటా కనిపించే అకాంథస్ ఆకు రెండో మెట్టు. కాడ సన్నగా ఉంటే అది పోగు వెంబడి సాగేలా గీతను తిప్పుకోవాలి. పోగుకు అడ్డంగా సన్నని కాడ చెక్కితే చివరి రోజు పుటుక్కున విరుగుతుంది.

గీతకు రెండు మూడు మిల్లీమీటర్ల అవతల ‘వి’ ఉలితో కాలువ తీస్తారు. లోతెంత కావాలో పలక పక్క అంచు మీద ముందే గీసుకుంటారు. 30 మిల్లీమీటర్ల మందం పలకలో 10, 12 మిల్లీమీటర్లు దిగితే చాలు, అంటే సుమారు అర అంగుళం. ఇక బొమ్మ చుట్టూ ఉన్న చెక్కను, అంటే నేలను, దించాలి. లోతు వంపు ఉలి, కొయ్యసుత్తి తీసుకుని పోగుకు అడ్డంగా కొడతారు. పోగు వెంబడి కొడితే ఉలి పోగుల మధ్య దూరి పైకి లేవదు. వెదురు చీలినట్టు చెక్క చీలి, చీలిక బొమ్మ కిందికి పాకుతుంది. నేల దించడం మోటుపని. అయినా కొత్తవాళ్లలో చాలామందికి బాగా నచ్చేది ఇదే. దెబ్బ దెబ్బకూ పేడు లేస్తుంది, పని కదిలినట్టు కనిపిస్తుంది, భుజాల్లోని భయం కాస్త దిగుతుంది.

అసలు చదువు ఆ తర్వాత మొదలవుతుంది.

ఒక గుండ్రటి ద్రాక్షపండును తీసుకుందాం. కుడి పైభాగంలో ఉలి సాఫీగా, సుయ్‌మంటూ పోతుంది, వెనక మెరిసే తలం వదులుతుంది. అదే ఊపులో పక్కకు సాగితే ఉన్నట్టుండి చప్పుడు మారుతుంది. గరగరమని పోగులు లేస్తాయి, తలం చింపిరిగా తయారవుతుంది. ఉలి అదే, చేయి అదే, పదునూ అదే. పోగుతో పోయే ఉలి వంపు దాటగానే పోగుకు ఎదురెళ్లింది, అంతే తేడా. వృత్తాన్ని నాలుగు భాగాలుగా చూసి ఒక్కో భాగంలో ఉలి దిశ మార్చుకోవాలని టీచర్ బల్ల మీద బొమ్మ గీసి చెబుతారు. విన్నవాళ్లంతా తలూపుతారు. మరుసటి పండు దగ్గర మళ్లీ చింపుతారు. మూడో రోజుకు వచ్చేసరికి, చప్పుడు మారబోతుందనగానే చేయి తనంతట తనే ఆగి దిశ మార్చుకోవడం మొదలవుతుంది. ఎప్పుడు మొదలైందని అడిగితే నేర్చుకున్నవాళ్లు చెప్పలేరు.

సుత్తి వదిలి చేతులతోనే నెట్టే దశలో ఇంకో సంగతి తెలుస్తుంది. కుడిచేయి ఉలిని ముందుకు నెడుతుంది. ఎడమచేయి పలక మీద ఆని, ఉలి మెడను పట్టుకుని వెనక్కి ఆపుతుంది. ఒకటి తోస్తుంటే ఇంకోటి అడ్డుకుంటుంది, ఆ రెంటి మధ్య మిగిలిన కొద్ది బలమే చెక్కను కోస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్ల ఉలి కావాల్సిన చోట వెంట్రుకవాసి ముందు ఆగిపోతుంది. చూస్తే సుతారంగా కనిపిస్తుంది గానీ ఆ రాత్రి ముంజేతులు రెండూ సలుపుతాయి.

ఈ దశలో దాదాపు అందరూ చేసే తప్పొకటుంది. చుట్టూ నేల దించాక ఆకు పలకలోంచి పైకి లేచి నిలబడుతుంది. ఆ పై తలం మీదే గీత ఉంది, గీత పోతుందేమోనన్న భయం. దాంతో ఆకు అంతా ఒకే ఎత్తులో ఉంచి ఈనెలు మాత్రం గీసేస్తారు. ఫలితం అట్టముక్క కత్తిరించి అతికించినట్టుంటుంది. మంచి టీచర్లు ఇక్కడ గట్టిగా అడ్డుపడతారు. ఈనెలు చివరికి, ముందు ఎత్తుపల్లాలు చూడండంటారు. ఆకులో ఎక్కడ ఎత్తుండాలి, ఎక్కడ నేలను తాకాలి, ఏ కొస తిరగబడి మళ్లీ పైకి రావాలి, ముందు అది తేలాలి. గీసిన గీతను తనే చెరిపేసుకునే ధైర్యం రావాలి. అర అంగుళంలో ఎత్తులు నాలుగైదుకు మించి ఉండవు. అవి ఎక్కడ పెట్టారన్నదాన్ని బట్టే ఆకు గాలికి మడతపడినట్టు కనిపిస్తుందో, ఇస్త్రీ చేసినట్టు కనిపిస్తుందో తేలుతుంది.

దాన్ని తేల్చేది వెలుతురు. వర్క్‌షాపులో పైనున్న లైట్లన్నీ ఆర్పేసి పక్కనుంచి ఒకే దీపం వేసి చూడమంటారు. పై వెలుతురులో బాగానే ఉన్న పలక పక్కవాటు వెలుతురులో గుట్టంతా బయటపెడుతుంది. నీడ పడని చోట లోతు లేనట్టే. ఉబ్బెత్తు పనికి నీడే రంగు. అంచు కింద కాస్త లోపలికి కోస్తే నీడ నల్లబడుతుంది, ఆకు నేలను వదిలి తేలినట్టు అవుతుంది. ఎక్కువ కోస్తే అంచు పలచబడి విరుగుతుంది.

వెలుతురును ఇలా వాడుకోవడంలో రీమెన్‌ష్నైడర్‌ను మించినవాడు అరుదు. జర్మనీలోని రోటెన్‌బుర్గ్‌లో సెయింట్ జేమ్స్ చర్చికి 1501 నుంచి 1505 మధ్య చెక్కిన పవిత్ర రక్త పీఠంలో మధ్యన కడరా విందు దృశ్యం ఉంది, రెండు రెక్కల మీద ఉబ్బెత్తు పలకలున్నాయి. ఆ కాలంలో చర్చి బొమ్మలకు రంగులు పూయడం మామూలు. ఇతను పూయలేదు. విందు గది వెనక చిన్న చిన్న గాజు కిటికీలున్నాయి. పొద్దు తిరిగే కొద్దీ శిష్యుల ముఖాల మీద నీడలు కదులుతాయి. ఈ పీఠాన్ని చూశాక ఇంటి హాల్లో ఒక పలకను ఏ గోడకు తగిలించాలో నిర్ణయించడం కూడా చెక్కడంలో భాగమేనని అర్థమవుతుంది.

చివరి రోజు ఎవరో ఒకరు గరుకు కాగితం అడుగుతారు. చాలామంది టీచర్లు వద్దంటారు. కాగితం మీది ఇసుక రేణువులు చెక్కలో ఇరుక్కుని తర్వాత ఉలి పెట్టినప్పుడు పదును తినేస్తాయి. ఉలి వదిలిన పదునైన తలాలు అరిగిపోయి, ఆకు సబ్బుబిళ్లలా తయారవుతుంది. గిబ్బన్స్ తన పనిని ఎలా నునుపు చేశాడన్న ప్రశ్నకు జవాబు మాత్రం ఒక ప్రమాదం వల్ల దొరికింది. 1986 మార్చి 31న హాంప్టన్ కోర్ట్‌లో మంటలు లేచి, గిబ్బన్స్ చెక్కిన ఏడడుగుల పూలహారం ఒకటి కాలిపోయింది. దాని స్థానంలో కొత్తది చెక్కే పని డేవిడ్ ఎస్టర్లీ అనే అమెరికన్‌కు అప్పగించారు. ఎస్టర్లీ ఏ బడిలోనూ ఈ విద్య నేర్చుకోలేదు. 1970ల్లో లండన్ పికడిల్లీలోని సెయింట్ జేమ్స్ చర్చిలో గిబ్బన్స్ పని చూసి నివ్వెరపోయి, సొంతంగా సాధన చేసి ఆ స్థాయికి ఎదిగినవాడు. మిగిలిన చెక్కడాలను దగ్గరగా పరీక్షిస్తే వాటి మీద సన్నని గీతలు కనిపించాయి. గరుకు కాగితం లేని ఆ కాలంలో, కాడలో ఇసుక లాంటి సిలికా ఉండే ఒక రకం రెల్లుతో రుద్దారని ఎస్టర్లీ తేల్చాడు. ఈ అనుభవం మీద 2012లో పుస్తకం రాశాడు, 2019లో కన్నుమూశాడు.

గిబ్బన్స్ నేర్పు ఎంత దూరం వెళ్లిందో చూడాలంటే లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో సుమారు 1690లో అతను చెక్కిన మెడపట్టీ చూడాలి. లేసు గుడ్డ కట్టినట్టే ఉంటుంది, అంతా లిండెన్ చెక్కే. 1769లో హొరేస్ వాల్పోల్ అనే రచయిత దాన్ని మెడకు కట్టుకుని విదేశీ అతిథులకు ఎదురొచ్చాడు. వెస్ట్ డీన్‌లో నేర్చుకోవడానికి వెళ్లినవాళ్లకు ఇంకో అదృష్టం ఉంది. గిబ్బన్స్ గది ఉన్న పెట్‌వర్త్ బంగళా అదే వెస్ట్ సస్సెక్స్‌లో ఉంది. మూడు రోజులు ఒక ద్రాక్షపండుతో కుస్తీపట్టిన మనిషి ఆ గదిలో గోడల మీది పూలను, పక్షులను, వాయిద్యాలను చూస్తే కలిగే గౌరవం మామూలు సందర్శకుడికి కలగదు.

ఇదంతా వారానికో రోజు సాయంత్రం క్లాసులో నేర్చుకోలేమా? నేర్చుకోవచ్చు, చాలామంది నేర్చుకుంటారు కూడా. కానీ రెండు గంటల క్లాసులో అరగంట పలక బిగించడానికి, ఉలి నూరడానికి పోతుంది. చేయి వేడెక్కేసరికి గంట కొడతారు. వారం తర్వాత వచ్చేసరికి పోగు ఎటుందో మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. అక్కడే ఉండి నేర్చుకునేవాళ్ల పలక బల్ల మీదే బిగించి ఉంటుంది. రాత్రి భోజనమయ్యాక మళ్లీ వెళ్లి దీపం వేసి చూసుకోవచ్చు. చేతిపని నైపుణ్యం సాధన తర్వాత పోయే నిద్రలో గట్టిపడుతుందని నిద్ర మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. వరసగా ఐదారు పగళ్లు, వాటి మధ్య రాత్రుళ్లు దొరకడం ఈ పద్ధతికున్న పెద్ద బలం. భోజనాల బల్ల దగ్గర పక్కవాళ్లు పడ్డ తిప్పలు వినడం కూడా చదువే. పక్కవాడి పలక మీద తప్పు కనిపెట్టినంత తేలిగ్గా సొంత పలక మీద కనిపెట్టలేం.

వారంలో శిల్పులైపోతారని ఎవరూ చెప్పరు. స్విట్జర్లాండ్‌లోని బ్రియెంజ్‌లో 1884 నుంచి నడుస్తున్న కొయ్యశిల్ప పాఠశాలలో వృత్తి శిక్షణ నాలుగేళ్లు. ఆస్ట్రియాలోని ఎల్బిగెనాల్ప్‌లో వృత్తి బడి, వారం రోజుల కోర్సులు రెండూ ఒకే లోయలో పక్కపక్కన బతుకుతున్నాయి. ఒకదాని వల్ల రెండోది చులకన కాలేదు. వారం నేర్చుకున్నవాళ్లే పని విలువ తెలిసి మంచి ధర పెట్టి కొనే కొనుగోలుదార్లవుతారు.

తెలుగు నేల మీద వారం రోజుల కోర్సులనే ఈ రెండో రకం తలుపే తక్కువ. పని తెలిసినవాళ్లకు కొదవ లేదు. శ్రీకాళహస్తికి దగ్గర్లోని మాధవమాలలో కుటుంబాలకు కుటుంబాలు దేవతామూర్తులను కొయ్యలో చెక్కుతాయి. కొండపల్లిలో తెల్లపొణికి, ఏటికొప్పాకలో అంకుడు, ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం 1960 నుంచి నడుపుతున్న సంప్రదాయ ఆలయ శిల్ప శిక్షణ సంస్థలో రాతి, లోహ శిల్పాలతో పాటు కొయ్య శిల్పం కూడా నేర్పుతారు. అది ఏళ్ల తరబడి చదివే డిప్లొమా, కుర్రవాళ్ల కోసం. నలభై ఏళ్ల ఉద్యోగికి, యాభై దాటిన గృహిణికి, వేసవి సెలవుల్లో ఒక వారం మాధవమాల శిల్పి పక్కన నిలబడి ఒక తామరపువ్వు చెక్కి చూసే ఏర్పాటు కావాలి. దానివల్ల శిల్పికి బొమ్మ అమ్మకం మీదే కాకుండా విద్య మీద కూడా ఆదాయం వస్తుంది. నేర్పడమన్నది గౌరవమున్న పని. ఆ గౌరవం మన కొయ్య శిల్పులకు ఎప్పుడో దక్కాల్సింది.

అంతవరకూ ఇంట్లో మొదలుపెట్టాలనుకునేవాళ్లకు పెద్ద సరంజామా అక్కర్లేదు. డజను ఉలుల సెట్టు కొనాలన్న ఆరాటం వద్దు, వాటిలో సగం పెట్టెలోనే తుప్పుపడతాయి. నంబర్ 3లో రెండు వెడల్పులు, నంబర్ 5 ఒకటి, 7 ఒకటి, 9 ఒకటి, ఒక ‘వి’ ఉలి, మొత్తం ఆరు. వాటితో పాటు నాణ్యమైన సానరాయి, పాత బెల్టు ముక్క చెక్కకు అతికించి చేసుకున్న తోలుపట్టీ, రెండు క్లాంపులు. టేకు ఇంట్లో మిగిలి ఉంది కదా అని దానితో మొదలుపెట్టకూడదు. టేకులో సిలికా ఉంటుంది, కొత్త చేతిలోని ఉలి త్వరగా మొద్దుబారుతుంది. గుమ్మడి టేకు మేలు, ఉలికి బాగా లొంగుతుంది. పొణికి ఇంకా మెత్తన. అయితే మెత్తని చెక్కకు పదును మరింత కావాలి, మొద్దు ఉలి కింద అది తెగదు, నలుగుతుంది. జానెడు చదరం, మూడు సెంటీమీటర్ల మందం ఉన్న ఎండిన పలక, దాని మీద ఒకే ఒక్క రావి ఆకు. బల్ల కిటికీ పక్కన, వెలుతురు ఎడమ నుంచి పడేలా వేసుకోవాలి. కుడిచేతి వాటం వాళ్లకు అప్పుడు ఉలి నీడ కోసే చోట అడ్డం పడదు.